బితుయిన్‌లో ముగ్గురు

తాడు తెగింది!

లిగాయా ఓడ నుంచి దూరంగా కొట్టుకుపోతోంది. కాళ్ల కింద ఏమీ లేదు. నల్లటి శూన్యం.

చెయ్యి చాపుతుంది... అందదు.

ఇంకోసారి...

దొరికింది! ఇప్పటిదాకా తను బాగుచేసిన యాంటెన్నా కడ్డీ.

నడుముకు వేలాడుతున్న తాడు కొసను హెల్మెట్ దీపం వెలుగులో చూస్తుంది. పోగులు లేవలేదు. నున్నగా ఉంది.

కత్తితో కోశారు!

'బితుయిన్' సరుకు ఓడలో ఉన్నది ముగ్గురే. చంద్రుడి మీద తవ్విన లోహం వేసుకుని భూమికి వెళ్తున్నారు. తను మెకానిక్. కెప్టెన్ దుమ్లావ్... ఇలోయిలో అనే రేవులో చేపల బుట్టలు మోసే తనను చేరదీసి, ఓడ పని నేర్పినవాడు. మూడోవాడు పైలట్ క్రిసాంతో. కొత్తవాడు.

చెవిలో రేడియో గరగరలాడుతుంది.

"లిగాయా! బతికే ఉన్నావా అమ్మా?" కెప్టెన్ గొంతు. "ఆ క్రిసాంతోగాడే తాడు కోశాడు! నన్ను గంట నుంచి ఇంజిన్ గదిలో పెట్టి తాళం వేశాడు. నువ్వు సరుకు తలుపులోంచి రా. అక్కడ మేకులు కొట్టే గన్ ఉంటుంది. తీసుకో!"

"వినకక్కా!" ఇంకో గొంతు అడ్డం పడుతుంది. క్రిసాంతో! "కోసింది ఆయనే! ముందు తలుపు దగ్గరికి రా, నేను తీస్తాను!"

"నోర్ముయ్! నిన్నగాక మొన్న ఎక్కినవాడివి, ఆయన్ని అంటావా?"

లిగాయా వాడి మీద అరిచి, కడ్డీలు పట్టుకుని పాకుతూ సరుకు తలుపు చేరుతుంది. లోపలికి దూరుతుంది. తలుపు మూసి, గాలి నిండగానే హెల్మెట్ పీకేసి గన్ అందుకుంటుంది.

ఇరుకు దారి. ఎర్ర దీపాలు.

ఆ చివర గాల్లో తేలుతూ క్రిసాంతో... నుదుటి మీద గాయం. రెండు చేతులూ పైకెత్తాడు.

"వాడు కనబడగానే కాల్చెయ్!" గోడకున్న స్పీకర్లో కెప్టెన్. "తాడు కోస్తుంటే నా కళ్లారా చూశాను!"

లిగాయా వేలు బిగుస్తుంది.

"అక్కా... ఒక్క మాట." వాడు గొంతు తగ్గిస్తాడు. "గంట నుంచి ఇంజిన్ గదిలో ఉన్నాయన ఎలా చూశాడు? ఆ గదికి కిటికీ ఉందా?"

లేదు! కెమెరా తెర కూడా లేదు!



"ఎందుకు?" లిగాయా గుసగుసగా అడుగుతుంది.

"ఓడను దొంగలకు అమ్మేశాడు. మనం ఎవర్నీ సాయం పిలవకుండా యాంటెన్నా విరగ్గొట్టాడు. నువ్వేమో బాగుచేసేశావు... అందుకే తాడు కోశాడు! అడ్డుకోబోతే నన్ను కొట్టాడు."

లిగాయా నోటికి వేలు అడ్డం పెట్టి వాణ్ని మాట్లాడొద్దంటుంది. గన్ పక్కకు తిప్పి గోడలోకి కొడుతుంది.

ఠాప్!

"అన్నా... చచ్చాడు!" అని ఏడుస్తూ అరుస్తుంది. ఆ ఏడుపు మాత్రం నటన కాదు.

ఇంజిన్ గది తలుపు తెరుచుకుంటుంది...

లోపలి నుంచి!

అసలు తాళమే లేదు. కెప్టెన్ చేతిలో కత్తి. మొహాన నవ్వు... గన్ తనవైపే ఉందని చూసేదాకా.

"నీ కొడుకు జ్ఞానస్నానం నాడు వాణ్ని ఎత్తుకున్నది నేనే, లిగాయా!"

"తెలుసన్నా. వాడికేం చెప్పాలా అనే ఆలోచిస్తున్నా."

ధన్! ధన్!

ఓడ బయటి తలుపు మీద దెబ్బలు!

కెప్టెన్ మొహంలోకి మళ్లీ నవ్వు వస్తుంది. "ఆలస్యం చేశావమ్మా. మావాళ్లు వచ్చేశారు."

ఠాప్!

ఈసారి గోడలోకి కాదు.

కత్తి ఆయన చేతిలోంచి జారి గాల్లో తేలుతోంది. లిగాయా దాన్ని చూడదు. కళ్లు తుడుచుకుని, గన్ బయటి తలుపుకు గురిపెడుతుంది.

"ఆ కత్తి నువ్వు తీసుకో తమ్ముడూ. నా వెనకే ఉండు!"

తలుపు తెరుచుకుంటోంది...