అడగకుండా పంపిన సంబంధం

“మీటింగ్ అయిందా మేడమ్, ఇంకో రౌండ్ టీ చెప్పమంటారా?”

ప్రసన్నకుమార్ గుమ్మంలో నిలబడి నవ్వాడు. చిలకలూరిపేట హైవే పక్కన ఉన్న ఆ స్పిన్నింగ్ మిల్లులో అతనూ జాస్మిన్ చెరో విభాగానికి మేనేజర్లు. పని వేళలు మార్చుకోమని ఓనరుగారు ఇద్దరికీ చెప్పారు. జాస్మిన్ తన దగ్గర పనిచేసే ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి అడుగుతోంది.

“మీదెప్పుడు తేలింది?” అంది.

“టీ చల్లారేలోపే! షిఫ్టు గంట ఆలస్యంగా మొదలై ఆలస్యంగా ముగిసేలా నోటీసు అంటించేశా.”

“ఎవర్నీ అడక్కుండానే?”

“మేనేజర్ని నేనైతే ఎవర్నడగాలండీ?”

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వు చూసి తనంటే ఇష్టమేనని అతనే తేల్చేసుకున్నాడు. ఇంటికెళ్లి తల్లి రెబ్కాతో, “ఆ అమ్మాయికీ ఇష్టమేనమ్మా, వెళ్లి మాట్లాడు,” అన్నాడు.

కొత్త వేళలు మొదలైన రోజు సాయంత్రం వాన దంచికొట్టింది. బైక్ తీసుకుని గేటు దాటిన ప్రసన్నకుమార్ ఆగిపోయాడు. అతని విభాగం ఆడవాళ్లు రోడ్డు పక్కన తడిసి ముద్దవుతున్నారు. నిండు గర్భిణి సైదా రాయి మీద కూలబడింది. జాస్మిన్ రోడ్డు మధ్యకెళ్లి ఆటోలు ఆపుతోంది.

“ఏమైంది సైదా?”

“మా ఊరి ఆఖరి బస్సు వెళ్లిపోయింది సార్. పాత టైముకైతే అందేది.”

“నాకు చెప్పొచ్చుగా?”

“మీరు అడిగితే కదా సార్!”

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

అందర్నీ ఆటోల్లో ఎక్కించి జాస్మిన్ అతని వైపు తిరిగింది.

“నిన్న మీ అమ్మగారు మా ఇంటికొచ్చారు. ‘నీకు తెలిసే వచ్చారా?’ అని మా నాన్న అడిగితే ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయాను. పెళ్లి నాకు కదండీ, నాతో ఒక్క మాట అనాలనిపించలేదా?”

ఆమె వెళ్లిపోయింది.

ఇంటికి చేరగానే తల్లికి నిజం చెప్పాడు.

“ఒరేయ్, ఆ పిల్లకి ఇష్టమేనని కాదట్రా నన్ను పంపావు? ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఫోన్ చెయ్యను?” రెబ్కా కళ్లనీళ్లు పెట్టుకుంది.

తెల్లారాక మిల్లులో తన విభాగం ఆడవాళ్ల ముందు నిలబడి నోటీసు చింపేశాడు. “తప్పు నాదేనమ్మా. మీకు ఏ టైము వీలో ఇప్పుడు చెప్పండి,” అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ నవ్వలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో జాస్మిన్ ఎదుట కూర్చున్నాడు. కళ్లు బల్ల మీదే ఉన్నాయి.

“మా అమ్మ మీ వాళ్లకి క్షమాపణ చెప్పింది. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నా. నన్ను చేసుకుంటారా? కాదన్నా నాకు కోపం రాదండీ.”

“వారం క్రితం అడిగుంటే వెంటనే సరేననేదాన్ని.”

అతను తలెత్తి చూశాడు. “మరి ఇప్పుడు?”

జాస్మిన్ తన ప్లేట్లో బజ్జీ ఒకటి తీసి అతని ముందు పెట్టింది.

“ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి రండి. మా నాన్న బాగా కోపంగా ఉన్నారు, ముందు ఆయనకి మీరే సారీ చెప్పండి.”

“మీరేం చేస్తారు?”

“ఆయన ఒప్పుకోవాలని ప్రార్థన చేస్తాను,” అంది జాస్మిన్, నవ్వు దాచుకోలేక.