స్తంభం మీద దొరికిన కబురు

"నీకెవరు చెప్పారయ్యా?" సూపర్‌వైజర్ మూడోసారి అడిగింది.

లైన్‌మన్ పొడుగు కాళ్ళేసుకుని ఎప్పుడూ స్తంభాల మీదే ఉంటాడని టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఆడపిల్లలంతా అతణ్ణి కొంగ అంటారు. ఆ కొంగ ఇప్పుడు తల వంచుకుని ఆవిడ బల్ల ముందు నిలబడింది.

నాలుగేళ్ళ యుద్ధం ఆగిపోయింది. ఆ సంగతి పన్నెండింటికి రేడియోలో చెప్పాలి. అందాకా ఎక్స్ఛేంజిలో చెవిన పడ్డవాళ్ళు గుటుక్కున మింగి కూర్చోవాలని పైనుంచి ఆర్డరు. పదకొండున్నరకే ఈ మహానుభావుడు యుద్ధం ఆగిపోయింది, పన్నెండింటికి రేడియోలో వినండని స్తంభం మీంచి కేక పెట్టాడు. జనం వీధిలో పడ్డారు. సగం గడ్డం గీయించుకున్నవాళ్ళు కూడా మంగలి షాపులోంచి వచ్చి గంతులేశారు.

ఏడో నంబరు బోర్డు దగ్గర కూర్చున్న అమ్మాయి వచ్చిన కాల్‌ని తప్పు నంబరుకి కలిపింది. చెప్పింది తనే.

బాగుచేసిన ప్రతి తీగనీ స్తంభం మీంచే చేతిఫోను తగిలించి, బోర్డుతో మాట్లాడి చూడాలి. వినిపిస్తోందా అంటే వినిపిస్తోంది అనాలి, అంతే. వీళ్ళిద్దరికీ ఆ రెండు ముక్కలకి ఏడాదిగా పది నిమిషాలకు తక్కువ పట్టడం లేదు.

పేరు చెప్పకపోతే ఉద్యోగం ఊడుతుందని సూపర్‌వైజర్ బెదిరించింది. గాలికి వినపడిందన్నాడు అతను. గాలికి టైముతో సహా ఎవరు చెప్పారని ఆవిడ నిలదీసింది.

ఏడో నంబరు అమ్మాయి హెడ్‌సెట్ తీసి లేచింది. ఆ సూపర్‌వైజర్ ఆమెకు సొంత మేనత్త. ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆవిడే.

"నేనే చెప్పాను అత్తయ్యా."

"అరగంట ఆగలేకపోయావా?"

"రేపు పొద్దున ఈయన సైన్యంలో చేరడానికి రైలెక్కాలి. ఇంక వెళ్ళక్కర్లేదని నాకు తెలిసి, ఆయనకి తెలియకుండా... నా వల్ల కాలేదు."

కొంగ తలెత్తి ఆమె వంక చూశాడు. అత్తయ్య మాత్రం ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"అబ్బాయ్, మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరు?"

"అమ్మ ఉందండీ."

"సాయంత్రం వెంటబెట్టుకురా. మా అన్నయ్యతో నేను మాట్లాడతాను."

కబురు చెప్పిందెవరో తేల్చమన్న డైరెక్టర్‌గారు లైన్లో ఎదురుచూస్తున్నారు. అత్తయ్య రిసీవర్ ఎత్తి గొంతు సవరించుకుంది.

"దొరికింది సార్. లైన్‌మన్ తప్పేం లేదు. చెప్పింది మా ఏడో నంబరు, నా మేనకోడలు. నెల రోజులు సస్పెండ్ చేస్తున్నాను సార్, పెళ్ళి పనులకి ఆ మాత్రం పడుతుంది."