గట్టు మీద కొబ్బరికాయ

డెలానీపూర్‌లో వంటింటి గట్లకు రాళ్లమ్మే షాపులో గోవిందు ఆరేళ్లుగా రకరకాల కస్టమర్లను చూశాడు గానీ, చేపల పులుసు క్యారియర్‌తో వచ్చిన మనిషిని చూడటం అదే మొదలు.

ఆ అమ్మాయి తిన్నగా శాంపిల్ ముక్కల దగ్గరికెళ్లి, మూత తీసి, తెల్లటి క్వార్ట్జ్ ముక్క మీద గరిటెడు పులుసు పోసేసింది.

“అయ్యయ్యో, అదేటండీ!” గోవిందు గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

“ముట్టుకోకు. రేపొస్తాను, అప్పుడు తుడుద్దాం. మరక ఉందంటే నీ రాయి నాకొద్దు భయ్యా.”

“షాపంతా కంపు కొడతాదండీ!”

“మా నాన్నమ్మ పులుసు కంపా? తిని మాట్లాడు.” మిగిలిన పులుసు క్యారియర్‌తో సహా అతని చేతిలో పెట్టి చక్కా పోయింది.

తిన్నాడు. అక్కడితో అయిపోయాడు పాపం.

మర్నాడు సబ్బునీళ్లతో తుడిస్తే ముక్క మెరిసింది. ఆ అమ్మాయి ముఖం అంతకంటే మెరిసింది. పేరు సీతాలు. వాళ్ల నాన్న నూకన్న దీవికి ఆ కొసనున్న వండూర్‌లో ఒకప్పుడు చేపల వేటకెళ్లేవాడు. ఇప్పుడు వాళ్లింట్లోనే మూడు గదులు టూరిస్టులకిచ్చి నడుపుతున్నది సీతాలే. వంటగది మధ్యలో ఒక పెద్ద గట్టు కావాలట. దాన్ని ఐలాండ్ అంటారట. ఇటు నాన్నమ్మ వండితే, అటు గెస్టులు కూర్చుని తింటారట.

“దీవిలో ఉంటూ ఇంట్లో ఇంకో దీవి దేనికే అంటాడు మా నాన్న,” అంది నవ్వుతూ.

“పక్కలు కూడా ఇదే రాయితో నేల దాకా దించుదామండీ. వాటర్‌ఫాల్ అంటారు. రాతి మీద పారే ఈ బూడిద చార మూల దగ్గర తెగకుండా కిందికి జారిపోవాల. ఆ పని చేసేవాళ్లు ఇక్కడ ఇద్దరే ఉన్నారు.”

“రెండోవాడెక్కడ భయ్యా?”

“సెలవులో ఉన్నాడు. ఇంకో మాటండీ. ఆ భయ్యా ఒకటి మానెయ్యాల.”

“ఎందుకు? ఇక్కడ బస్సు డ్రైవర్నీ భయ్యా అంటాం, పోలీసునీ భయ్యా అంటాం.”

“నన్ను ఆ లైన్లోంచి తీసెయ్యండి.”

సీతాలు అతన్ని ఎగాదిగా చూసింది. “సరే గోవిందు గారూ,” అని సాగదీసింది. వెటకారమే, అయినా గోవిందు చెవులకు తేనె పోసినట్టే ఉంది.

రాయి చెన్నై నుంచి షిప్‌లో రావడానికి నెలన్నర పట్టింది. ఈలోగా గోవిందు నాలుగుసార్లు వండూర్ వెళ్లి కొలతలు తీశాడు. రాయి వచ్చాక, హోరున వానలో నలుగురు మనుషులతో మోయించి, మూడు రోజులు కష్టపడి బిగించాడు. మూల దగ్గర రెండు పలకల అంచులనూ ఏటవాలుగా కోసి అతికిస్తే, బూడిదరంగు చార పైనుంచి కిందికి ఒక్క ధారలా దిగింది. అతుకెక్కడో వెతికినా దొరకదు.

పని బాగా కుదిరింది. అదే గోవిందు బాధ. పని అయిపోయాక వండూర్ రావడానికి సాకేముంది? సామాను సర్దేలోపు సీతాలుతో మనసులో మాట చెప్పెయ్యాలని పొద్దున్నుంచీ తంటాలు పడుతున్నాడు. నోరు తెరిస్తే ‘జాయింట్ బాగా ఆరిందండీ’ అనే మాట తప్ప ఇంకోటి రావడం లేదు.

అప్పుడు వచ్చాడు నూకన్న, పసుపుతో, కొబ్బరికాయతో.

కొత్త పడవను నీళ్లలోకి దించేముందు ముక్కుకు పసుపు రాసి దాని మీదే కాయ కొట్టడం వాళ్ల ఇళ్లలో ఆచారం. వేట మానేసి పదేళ్లైనా, ఇంటికి కొత్తదేదొచ్చినా నూకన్న అదే మర్యాద చేస్తాడు. గట్టుకు పసుపు రాసి బొట్టు పెట్టి, “ఎక్కడ కొట్టమంటావు బాబూ?” అని అడిగాడు.

సరిగ్గా అప్పుడే సీతాలు వానలోంచి లోపలికొచ్చి, గుమ్మంలో నిలబడి తడి జడ పిండుకుంటోంది. గోవిందు మిన్నీ బే ఒడ్డున పుట్టిన వేటగాళ్ల పిల్లాడు. ఆ ప్రశ్నకు జవాబు చిన్నప్పట్నుంచీ నోట్లోనే ఉంది.

“ముక్కు మీదే మావా,” అన్నాడు, గుమ్మం మీంచి కళ్లు తిప్పకుండా.

నూకన్న చెయ్యెత్తి, గట్టు మూల మీద ఠప్పున కొట్టాడు.

కాయ రెండు చెక్కలైంది. మూల నుంచి బొటనవేలి గోరంత పెచ్చు లేచి, పీట మీద కూర్చున్న నాన్నమ్మ అప్పలకొండమ్మ ఒళ్లో పడింది.

నూకన్న ముఖం పాలిపోయింది. “నా చేత్తో పాడు చేసీసినానా?” అంటూ అక్కడే చతికిలబడ్డాడు. సోమవారం గెస్టులొస్తున్నారు. ఇంకో రాయి కావాలంటే మళ్లీ నెలన్నర. సీతాలు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

గోవిందు నోరు మూసుకుంటే సరిపోయేది. తప్పు పెద్దాయన మీదికే పోయేది. కానీ చతికిలబడ్డ ఆ మనిషిని చూశాక ఊరుకోలేకపోయాడు.

“మీ తప్పేం లేదు మావా. కొట్టమన్నది నేను.”

“రాయి పనోడివి, మూల విరుగుతాదని నీకు తెలీదా?” సీతాలు మండిపడింది. “నాన్న అడిగినప్పుడు నీ ధ్యానం ఎక్కడుంది?”

“నీ మీద.”

రేకుల మీద వాన దంచుతోంది.

“పులుసు పోసినరోజు నుంచీ నీ మీదే ఉంది. ఇవాళ చెప్దామనుకున్నాను. ఇలాగ మాత్రం కాదు,” అన్నాడు గోవిందు, తల దించుకుని.

“కొలతలకి రెండోసారొచ్చినప్పుడే నాకు తెలుసు,” అంది అప్పలకొండమ్మ. “గట్టేమైనా చంటిపిల్లేటి, వారం వారం పెరగడానికి?”

సీతాలుకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నాన్నమ్మ ఒళ్లోంచి పెచ్చు తీసి అతని చేతిలో పెట్టింది. “ముందు దీని సంగతి చూడు.”

రంగు కలిపిన జిగురుతో గోవిందు పెచ్చు అతికించాడు. నూకన్న లేచొచ్చి, కదలకుండా బొటనవేలితో అదిమి పట్టాడు. జిగురు గట్టిపడేదాకా ఇద్దరూ భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. తర్వాత గోవిందు మెల్లగా పాలిష్ పట్టాడు. దగ్గరికొచ్చి చూస్తే సన్నటి గీత కనిపిస్తోంది, అంతే.

“ఈ అతుకు నిలబడతాదా?” అన్నాడు నూకన్న, గీత మీద వేలు రాస్తూ.

“నిలబడతాది మావా. కాపోతే అప్పుడప్పుడూ చూసుకోవాల.”

“ఎన్నాళ్లకోసారి?”

గోవిందు పొయ్యి వెలిగిస్తున్న సీతాలు వైపు చూశాడు. “వారానికోసారి.”

నూకన్న పకపకా నవ్వాడు. “ఒరే బాబూ, నువ్వు ఊరుకుంటే ఈ పాపం బతికినన్నాళ్లూ నాదే అనుకుందును. ఊరుకోనేదు నువ్వు. నాకదే చాలు. ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా.” కూతురి వైపు తిరిగాడు. “నువ్వేటంటావే గుంటా?”

సీతాలు పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే అంది.

“వారానికోసారి చాలదంటాను నాన్నా.”