తలకిందుల ఆటో

ఎస్తేరు స్కూలు నుంచి ఇంటికి వచ్చేసరికి ఆటో తలకిందులుగా ఉంది.

నిజం ఆటో కాదులెండి. అట్ట ఆటో. ఎస్తేరు కూర్చుని కత్తిరించి, పసుపు రంగు వేసి, నల్లటి చక్రాలు అతికించిన ఆటో. అది చార్టు మీద గీసిన రోడ్డుకు చక్రాలు పైకెత్తి అతుక్కుని ఉంది. పక్కన పుచ్చకాయల బండాయన కూడా తలకిందులే. ఆయన వెనకాల కుక్కదీ అదే కథ.

ఎస్తేరు ఐదో తరగతి. ఎండలు ముదిరి ఒంటిపూట బడులు పెట్టడంతో మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేస్తోంది. ఇల్లంటే ఉత్త ఇల్లు కాదు. ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో ఒక గల్లీలో ఉన్న ఆ ఇంటి ముందు గదుల్లో వాళ్ళమ్మ ప్రేమలత చిన్నపిల్లల బడి నడుపుతుంది. ముక్కు కారేవాళ్ళు, చెప్పులు తారుమారుగా వేసుకునేవాళ్ళు, అన్నం చూస్తే పరుగెత్తేవాళ్ళు అందరూ అక్కడే. వారానికో సంగతి తీసుకుని ఆడిస్తూ నేర్పడం ప్రేమలత పద్ధతి. ఆకుల వారంలో ఇల్లంతా ఆకులు. నీళ్ళ వారంలో ఇల్లంతా నీళ్ళు. ఆ వారం నేల తుడవలేక ఎస్తేరు చేతులు పడిపోయాయి.

ఇది వీధి వారం. శనివారం అమ్మానాన్నలు వచ్చి చూస్తారు. చార్టు పని ఎస్తేరుది. మూలన స్కెచ్ పెన్నుతో "ఎస్తేరు చేసింది" అని రాసుకుంది కూడా.

"ఎవలు పెట్టిండ్లు గిట్ల?" అంది బ్యాగు దించకుండానే.

"దీప!" అన్నారు పిల్లలందరూ ఒక్కసారే. అందరికంటే గట్టిగా అన్నది అభిషేక్. నాలుగేళ్ళుంటాయి వాడికి. గొంతు మాత్రం పెద్దవాళ్ళది.

దీప చార్టు పక్కనే నిలబడి ఉంది. చేతిలో ఇంకా ఒక సైకిలు బొమ్మ.

దీప బడికి వచ్చి చాన్నాళ్ళయింది కానీ నోరు విప్పింది లేదు. నీళ్ళు కావాలంటే గ్లాసు చూపించేది. ఏడుపొస్తే గొంతు లేకుండా ఏడ్చేది. అలాంటిది ఈ సోమవారం సాయంత్రం ఇంట్లో మొదటిసారి ఒక మాట అంది. ఆ మాట "ఆటో". మర్నాడు వాళ్ళ బాపమ్మ మొగిలమ్మ, మిర్చి యార్డులో కాయలేరే పని మధ్యలో వదిలి, తుమ్ముకుంటూ పరుగెత్తుకొచ్చింది. "మా దీప ఆటో అన్నది టీచరమ్మా! అన్నం తినుకుంట అన్నది!" అంటూ ప్రేమలత చేతులు రెండూ పట్టుకుంది.

కానీ ఇప్పుడు ఎస్తేరుకు అవేవీ గుర్తు లేవు. గుర్తున్నదల్లా తన చార్టు.

"తప్పు దీపా! ఆటో గిట్ల పోతదా ఏడనన్న?" అంటూ ఆటోను పీకింది. జిగురు గట్టిదేమో, ఒక చక్రం చార్టు మీదే ఉండిపోయింది. ఎస్తేరుకు ఒళ్ళు మండింది.

"పోతది అక్కా," అంది దీప సన్నగా. "గోడ మీద పోతది. అందరు గట్లనే పోతరు. పండుకున్నప్పుడు."

అన్ని మాటలు! దీప నోటి నుంచి! ఎస్తేరు వాళ్ళమ్మ వింటే చేస్తున్న పని వదిలేసి వచ్చేది. కానీ ప్రేమలత వంటింట్లో పప్పు కలుపుతోంది. విన్నది ఎస్తేరు ఒక్కతే, అదీ సగం చెవితో.

"ఏ గోడ? సూపియ్యి."

దీప పిల్లలు పడుకునే గది చూపించింది. ఎస్తేరు విసురుగా వెళ్ళి తలుపు బార్లా తీసింది. చాపలు, దిండ్లు, తెల్లటి గోడ. గోడ మీద ఒక బల్లి తప్ప ఎవరూ పోవడం లేదు.

"ఏది? ఏం లేదు. అబద్ధాలు చెప్పద్దు."

"అబద్ధం! అబద్ధం!" అని అందుకున్నాడు అభిషేక్. మిగిలినవాళ్ళకు అదొక పాటైపోయింది. చప్పట్లు కూడా కలిశాయి.

దీప సైకిలు బొమ్మను కింద పెట్టింది. మెల్లగా, చప్పుడు కాకుండా. తర్వాత మూలకు వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు దీప మాట్లాడలేదు. నీళ్ళకు మళ్ళీ గ్లాసు చూపించింది. బొమ్మలిస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది. సాయంత్రం మొగిలమ్మ వచ్చి గుమ్మంలో కూలబడింది.

"ఏమాయెనో టీచరమ్మా. నిన్నటి సంది మల్ల నోరు తెరుస్తలేదు. ఆటో అను బిడ్డా, ఒక్కపారి అను అంటే తల అటు తిప్పుకుంటాంది. ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవలేమంటరమ్మా? నాక్కూడ సమజైతలేదు," అంది ప్రేమలత.

ఎస్తేరు ఆ పక్కనే చార్టుకు చక్రం అతికిస్తోంది. తలెత్తలేదు. చక్రం సరిగ్గానే అతుక్కుంది కానీ లోపల ఏదో అతుక్కోలేదు. చెబుదామనుకుంది. అంతలో మొగిలమ్మ దీపను చంకనెత్తుకుని, ఎర్ర కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మిర్చి ఘాటు వల్ల తుడుచుకుందని ఎస్తేరు తనకు తాను చెప్పుకుంది. అది నిజం కాదని తనకు తెలుసు.

శుక్రవారం అన్నాలయ్యాక ప్రేమలత పిలిచింది.

"ఎస్తేరూ, దీప పండుకుంటలేదు. జర పోయి పక్కన ఒరుగు బిడ్డా. నేను గిన్నెలు తోముకొని అస్త."

ఎస్తేరు గదిలోకి వెళ్ళి తలుపు మూసింది. ఒక్కసారిగా చీకటి. ఎండ రాకుండా నాన్న ఈ ఆదివారమే కిటికీకి ఫ్రిజ్ డబ్బా అట్ట బిగించి, చుట్టూ నల్ల చార్టు అంటించాడు. చేయి చాపితే చేయి కనిపించడం లేదు. తడుముకుంటూ వెళ్ళి దీప పక్కన పడుకుంది. చుట్టూ పిల్లల ఊపిరి, పైన ఫ్యాను చప్పుడు.

"దీపా, కోపమచ్చిందా?" అంది చిన్నగా.

చాప మీద దీప అటు జరిగింది.

ఏం చేయాలో తెలియక ఎస్తేరు అలాగే పడుకుంది. కాసేపయింది. ఇంకాసేపయింది. కళ్ళు చీకటికి అలవాటు పడుతున్నాయి. ఎదురుగా గోడ మీద, కింది భాగంలో, నీలంగా ఏదో కనిపించింది. తడేమో అనుకుంది. ఆ నీలం మీద గులాబి రంగు గుంపు ఒకటి ఊగుతోంది. గాలికి ఊగినట్టు ఊగుతోంది.

ఎస్తేరు లేచి కూర్చుంది.

అవి కాగితం పూలు! ఎదురింటి గోడ మీది కాగితం పూలు! కొమ్మలు కిందికి వేలాడుతున్నాయి. కాదు, కాదు, పైకి పెరగాల్సిన కొమ్మలే కిందికి పెరుగుతున్నాయి. ఆ నీలం తడి కాదు, ఆకాశం. ఆకాశం నేల దగ్గర ఉంది. పైన, సీలింగుకు దగ్గరగా, దుమ్ము రంగులో పొడుగ్గా ఉన్నది రోడ్డు.

బయట ఆటో చప్పుడు వినిపించింది. దూరం నుంచి దగ్గరికొస్తోంది.

గోడ ఆ చివర నుంచి పసుపు ఆటో వచ్చింది. చక్రాలు పైకి, టాపు కిందికి. లోపల డ్రైవరు తలకిందులుగా కూర్చుని హాయిగా బండి నడుపుకుంటూ గోడంతా దాటి వెళ్ళిపోయాడు. వెనకే మిర్చి బస్తాల ట్రాలీ. ఒక్క బస్తా కూడా కింద పడలేదు. ఆ వెనక గొడుగు వేసుకున్న ఒకామె, గొడుగు మీద నడుస్తున్నట్టుగా వెళ్ళింది.

ఎస్తేరు వెళ్ళి గోడను ముట్టుకుంది. సున్నం గోడే. చల్లగా ఉంది. చేయి అక్కడే ఉంచింది. ఒక సైకిలు వచ్చి చేతి మీదుగా వెళ్ళిపోయింది. బరువు లేదు, చప్పుడు లేదు. రోజూ నడిచే గల్లీయే. రోజూ చూసే పూలే. ఇంత అందంగా ఉంటాయని ఎన్నడూ అనుకోలేదు. ఏడుపూ నవ్వూ కలిసి ఒకేసారి వచ్చేలా ఉన్నాయి.

వెనక్కి తిరిగింది. దీప గోడను చూడటం లేదు. ఎస్తేరు ముఖాన్నే చూస్తోంది.

"ఆటో..." అంది ఎస్తేరు. "పోతాంది దీపా. నిజంగనే పోతాంది."

అప్పుడే తలుపు తెరుచుకుంది. వెలుగు భళ్ళున పడింది. ఆకాశం, పూలు, రోడ్డు అన్నీ మాయం. తెల్లటి గోడ, దాని మీద బల్లి.

"ఏం జేస్తానవే గోడకు?" అంది ప్రేమలత తడి చేతులతో.

"మమ్మీ, గోడ మీద ఆటోలు పోతానయ్! తలకిందులు!"

"ఏడ? గోడ మీద ఏమున్నదే? ఎండకు తల తిరుగుతాందా?"

"అబద్ధం కాదు మమ్మీ! నువ్వు తలుపు తీసినవని పోయింది! లోపటికి రా, తలుపు మూసి కూసో, జర ఆగు..."

అంటూనే ఎస్తేరు ఆగిపోయింది. దీప కూడా ఇదే చెప్పింది. దీపకు ఇన్ని మాటలు రావు, అంతే తేడా.

ప్రేమలత లోపలికి వచ్చింది. తలుపు మూసింది. చాప మీద కూర్చుంది. విసుక్కోకుండా చీకట్లో ఎదురు చూసింది. కొంతసేపటికి ఆమె గొంతు వినిపించింది.

"ప్రభువా! ఏందిది!"

కారణం ఏమిటని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. వాళ్ళకూ వచ్చింది. వెతికితే కిటికీ అట్టకు ఒక బొక్క దొరికింది. నాన్న తాడు కడదామని స్క్రూడ్రైవర్‌తో పొడిచి, తర్వాత తాడు మానేసి మేకులు కొట్టాడు. చిటికెన వేలు పట్టేంత బొక్క. ఎస్తేరు దానికి వేలు అడ్డం పెడితే వీధి ఆరిపోయింది. తీస్తే మళ్ళీ వెలిగింది. వెలుగు తిన్నగా ప్రయాణిస్తుంది కదా. పైన ఆకాశం నుంచి వచ్చిన వెలుగు ఆ సన్నటి దారిలో దూరి గోడ కిందికి వెళుతుంది. కింద రోడ్డు నుంచి వచ్చింది పైకి వెళుతుంది. అందుకే అంతా తలకిందులు. ఆ సంగతి ప్రేమలత చెప్పింది. చెబుతున్నంతసేపూ తనే నమ్మలేనట్టు గోడ వైపు చూస్తూనే ఉంది.

నాన్న అట్ట బిగించింది ఆదివారం. దీప మొదటి మాట సోమవారం. ఎస్తేరు ఆ రెండూ కలిపి చూసుకుంది. ఆ మాట ఈ గోడ మీది నుంచే వచ్చింది. దాన్ని మళ్ళీ లోపలికి తోసేసింది తను.

పిల్లలు నిద్ర లేచాక ఎస్తేరు అందరి ముందూ నిలబడింది.

"దీప అబద్ధం చెప్పలే. నేనే సరిగ్గ సూడలే. సూడకుండనే తిట్టిన."

అభిషేక్ నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. దీప మాత్రం ఏమీ అనలేదు. సాయంత్రం వెళ్ళేటప్పుడు కూడా అనలేదు. పోయిన మాట సారీ అనగానే తిరిగి వస్తుందా?

శనివారం అమ్మలూ నాన్నలూ వచ్చారు. చార్టు ఖాళీగా ఉంది. రోడ్డు ఉంది, పైన బొమ్మలు లేవు. ఎస్తేరు రాత్రే అన్నీ తీసి ఒక పళ్ళెంలో పెట్టింది. మూలన ఉన్న తన పేరు మీద తెల్లకాగితం అంటించింది. పళ్ళెం తీసుకెళ్ళి దీప ముందు పెట్టి, ఏమీ చెప్పకుండా దూరంగా వచ్చి కూర్చుంది.

దీప పళ్ళెం వైపు చూస్తూ ఉండిపోయింది. దాన్ని ముట్టుకోలేదు.

ఎండ బాగా ముదిరాక ప్రేమలత అందరినీ చీకటి గదిలోకి తీసుకెళ్ళింది. తలుపు మూసింది. "జర ఓపిక పట్టుండ్లి," అంది. పెద్దవాళ్ళు సర్దుకున్నారు, దగ్గారు, ఎవరిదో ఫోను మోగితే కట్టేశారు. మెల్లగా గది నిశ్శబ్దమైపోయింది. గోడ కింద ఆకాశం పరుచుకుంది. పూలు ఊగాయి.

"అబ్బా!" అన్నారెవరో.

ఒక కుక్క వెళ్ళింది. ఒక మోపెడ్ వెళ్ళింది. తర్వాత గోడ చివర ఎర్ర చీర ఒకటి కనిపించింది. తలకిందులుగా, గబగబా, చేతిలో టిఫిను డబ్బా ఊపుకుంటూ వస్తోంది. మొగిలమ్మ. యార్డు నుంచి ఆలస్యంగా వస్తోంది.

చీకట్లో ఎవరో లేచి నిలబడ్డారు.

"బాపమ్మ! మా బాపమ్మ అస్తాంది! సూడుండ్లి, మా బాపమ్మ!"

గది దద్దరిల్లింది. దీపకు అంత గొంతు ఉందని ఎవరికీ తెలియదు.

గోడ మీద ఎర్ర చీర ఠక్కున ఆగిపోయింది. టిఫిను డబ్బా చేతిలోంచి జారి, గోడ మీద పైకి పడింది. బయటి నుంచి ఖంగున చప్పుడు. ఆ వెంటనే మొగిలమ్మ గొంతు వినిపించింది.

"ఎవలు? ఎవలు పిలిచిండ్లు? నా దీపేనా?"

"నేనే బాపమ్మా!" అంది దీప గోడతో. "నువ్వు తలకిందులున్నవ్!"

అందరూ నవ్వారు. ప్రేమలత నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఎస్తేరు వెనక మూల చీకట్లో ఉంది కాబట్టి తుడుచుకోవాల్సిన పని లేకపోయింది.

ఆ సాయంత్రం చార్టు మీద ఆటో చక్రాలు పైకెత్తి వెళ్ళింది. దీపే పెట్టింది. ఊడిపోకుండా ఎస్తేరు అరచేత్తో గట్టిగా అదిమింది.

సోమవారం నుంచి పురుగుల వారం. ఎస్తేరు స్కూలు నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పలేదు, అభిషేక్ పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా! గేటు కింద చీమలు దావత్ చేసుకుంటానయ్!"

"చీమలకు దా..." అనబోయి ఎస్తేరు నోరు మూసుకుంది. బ్యాగు పక్కన పడేసి, ఇస్త్రీ బట్టలతోనే గేటు దగ్గర బోర్లా పడుకుంది. అప్పటికే దీప అక్కడ బోర్లా పడుకుని ఉంది.

"ఏడరా?" అంది ఎస్తేరు గడ్డం నేలకు ఆనించి. "దీపా, జర జరుగు. నన్ను గూడ సూడనియ్యి."