ఎజిరో చావు కాగితం

ఎజిరోని పరిగెత్తి పట్టుకునే మగాడు లోమ్ ఊళ్ళో ఇంకా పుట్టలేదు!

రాసిపెట్టుకోండి.

నవంబరు. సాయంత్రం ఆరుకే కటిక చీకటి. డాన్యూబ్ ఏటి మీంచి పొగమంచు ఒడ్డెక్కి వీధుల్లోకి పాకుతోంది.

పరిగెత్తుతున్నాడు ఎజిరో.

వెనక కారు లైట్లు. ఆ కారులో రూమెన్.

రూమెన్‌కి మెడ లేదు. దేవుడు తల తెచ్చి తిన్నగా భుజాల మీద పెట్టేశాడు. పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి.

"ఆగరా! మాట్లాడుకుందాం!"

ఇంకేం మాటలు? నిన్న ప్రాక్టీసు అయ్యాక గ్రౌండు గేటు దగ్గరే అయిపోయాయి. శనివారం మ్యాచ్ ఓడిపోవాలి. రూమెన్ వెనకున్న పెద్దమనుషులు పందెం కాశారు. ఎజిరో గోల్ కొట్టకూడదు. కొడితే... ఏట్లో తేలతాడు!

కొట్టకపోతే?

కొట్టకపోతే క్లబ్బు వాళ్ళు వచ్చే ఏడాది కాంట్రాక్టు ఇవ్వరు. గోల్ కొట్టని సెంటర్ ఫార్వర్డ్ ఎవడికి కావాలి?

కొడితే ఏరు. కొట్టకపోతే ఇంటిదారి.

నైజీరియాలో, సపెలెలో బయల్దేరినప్పుడు మోకాళ్ళు కొత్తవి. తర్వాత సైప్రస్, స్లొవాకియా, అల్బేనియా, ఇప్పుడీ బల్గేరియా... ప్రతి ఊళ్ళో ఓ అద్దె గది. ప్రతి గదిలో ఓ మంచం. ప్రతి మంచం అతని కాళ్ళకన్నా జానెడు పొట్టి! ఇన్నేళ్ళుగా పాదాలు చలిలోనే పడుకుంటున్నాయి.

కుడి మోకాలు కలుక్కుమంది.

ఇక చాలు అంటోంది మోకాలు. ఎజిరోకీ అలాగే ఉంది. కానీ కాళ్ళకి అలవాటు... పరిగెడుతూనే ఉన్నాయి.

సందులోకి తిరిగాడు. బస్ స్టాప్ వెనక నక్కాడు. ఒగరుస్తూ స్తంభాన్ని పట్టుకున్నాడు.

స్తంభం నిండా చావు కాగితాలు. లోమ్‌లో ఎవరు పోయినా ఫొటోతో కాగితం వేయించి గోడలకీ చెట్లకీ గేట్లకీ అతికిస్తారు. ఏడాది తిరిగాక మళ్ళీ అతికిస్తారు. ఆ ఊళ్ళో బతికున్నవాళ్ళకన్నా పోయినవాళ్ళ మొహాలే ఎక్కువ కనబడతాయి. ఈ దేశపు అక్షరాలు ఎజిరో నేర్చుకుంది కూడా ఈ కాగితాల మీదే.

వాటి మధ్య... జిగురు ఆరని కొత్త కాగితం. నల్ల అంచు.

తన ఫొటో!

'మన ప్రియమైన ఎజిరో ఎమువోబో, ఫుట్‌బాల్ ఆటగాడు, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో మనల్ని విడిచి వెళ్ళిపోయాడు. ఈ సాయంత్రం త్సోంకా ఇంటి దగ్గర కడసారి...'

ఎజిరో గుండె గతుక్కుమంది.

చచ్చానని రాసినందుకు కాదు!

ముప్పై ఎనిమిది!

పాస్‌పోర్టులో ముప్పై మూడు. సపెలెలో మొదటి ఏజెంటు కోసేశాడు ఆ అయిదేళ్ళూ. క్లబ్బులో ముప్పై మూడు. పేపర్లలో ముప్పై మూడు. అసలు వయసు ఈ ఊళ్ళో ఒక్క మనిషికే చెప్పాడు. ఇల్లుగలావిడ త్సోంకా అవ్వకి... ఆవిడ ఇతని మోకాలికి సారాలో తడిపిన గుడ్డ చుడుతుంటే, నొప్పికి నోరు జారి.

అవ్వా... నువ్వా?

కాగితం పీకేశాడు. పక్క చెట్టు మీద ఇంకొకటి. ఎదురు గేటు మీద ఇంకొకటి. ఎటు చూసినా తనే... వీధి పొడుగునా చచ్చి ఉన్నాడు!

కీచుమంది బ్రేకు.

ఎజిరో ఉరికాడు. మోకాలు ఉరకలేదు. పట్టేసింది!

పట్టుకునే మగాడు పుట్టలేదన్నానా? పుట్టాడు లెండి. నూట ఇరవై కిలోల మనిషి. పీల్చిన సిగరెట్లకి ఊపిరితిత్తులు పిల్లనగ్రోవి ఊదుతుంటే, కారు దిగి, తలుపు వేసి, వచ్చి కాలరు పట్టుకున్నాడు. పరుగు కూడా కాదు... నడుచుకుంటూ!

రూమెన్ పక్క చెట్టు వైపు మొత్తం తిరిగి కాగితం చదివాడు. మళ్ళీ మొత్తం ఇటు తిరిగాడు.

"చచ్చిపోయావటగా?"

"నాకూ ఇప్పుడే తెలిసింది."

"నాకంటే ముందు చంపిందెవడ్రా?"

"ఎవరైతే ఏం? నీకు పని తప్పింది."

పక్కటెముకల్లో చల్లగా గుచ్చుకుంది తుపాకీ.

"నడు, ఏటి దగ్గరికి. అక్కడ ఆఖరిసారి అడుగుతాను. అవునన్నావా, ఇంటికి పోతావు. కాదన్నావా... ఆ కాగితం నిజమవుతుంది."

మంచులో అడుగుల చప్పుడు!

తుపాకీ చటుక్కున కోటు జేబులోకి పోయింది. చెయ్యీ దాంతోపాటే పోయింది.

ముగ్గురు ముసలమ్మలు. తలకి నల్ల రుమాళ్ళు. చేతుల్లో బట్ట కప్పిన గిన్నెలు.

ముందున్నావిడ ఎజిరోని చూసి గబగబా శిలువ గుర్తు వేసుకుంది.

"ఓరి నాయనో! మేము నీ చావుకే వస్తుంటే నువ్వెటు పోతున్నావు?"

రెండో ఆవిడ దగ్గరికొచ్చి బుగ్గ గిల్లింది. "వెచ్చగానే ఉన్నాడే!"

మూడో ఆవిడ రూమెన్‌ని చూసింది.

రూమెన్‌కి లేని మెడ ఇంకాస్త లోపలికి పోయింది.

"అమ్మా... నువ్వేంటి ఇక్కడ?"

"చావింటికి ఎందుకెళ్తారు? గోధుమలు ఉడకబెట్టి తీసుకెళ్తున్నా. నువ్వూ వస్తున్నావా? పోనీలే, ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. ముందు ఆ టోపీ తియ్యి!"

టోపీ తీశాడు. జేబులో చెయ్యి మాత్రం తియ్యలేదు. తుపాకీ మొన ఎజిరో వీపు వైపే ఉంది.

అలాగే నడిచారు అందరూ... ఎజిరో చావుకి.

త్సోంకా అవ్వ పెరడు జనంతో కిటకిటలాడుతోంది. జట్టు కుర్రాళ్ళు, రొట్టెల కొట్టువాడు, నల్ల టై కట్టిన క్లబ్బు ప్రెసిడెంటు ద్రాగానోవ్. అందరి చేతుల్లో పంచదార కలిపిన ఉడికిన గోధుమలు... ఆ ఊళ్ళో చావింట పెట్టేది అదే.

ఎజిరోని చూసి ఎవరో కెవ్వుమన్నారు!

అవ్వ మాత్రం గరిటె ఆపలేదు.

"ఆలస్యం చేశావు నాయనా. నీ కోసం చూసి చూసి జనం తినేస్తున్నారు."

"అవ్వా, ఏంటిదంతా?"

"నిన్న నువ్వు లేనప్పుడు వీడు మన గుమ్మంలో నిలబడి నిన్ను ఏట్లో కలిపేస్తానన్నాడు. రండర్రా, మనిషిని కాపాడండి అంటే ఈ ఊళ్ళో ఎవడొస్తాడు? తలుపులేసుకుంటారు! అదే చావంటే... ఒక్కడు ఇంట్లో ఉండడు. అందుకే చంపేశాను."

గరిటె లేచింది. తిన్నగా రూమెన్ మీదికి!

"అందరూ వినండి! మ్యాచ్ ఓడిపోకపోతే చంపుతానన్నది ఈ రూమెనే. రేపట్నించీ నా ఎజిరోకి జలుబు చేసినా వీడే కారణం!"

చెంచాలు ఆగిపోయాయి.

రూమెన్ తల్లి గిన్నె కింద పెట్టింది. కొడుకు ముందుకొచ్చి నిలబడింది.

"నిజమేనట్రా?"

"అమ్మా, అది బిజినెస్..."

చెంప ఛెళ్ళుమంది!

ఢాం!!

జేబులోనే పేలింది తుపాకీ! గోధుమల కుండ ముక్కలైంది! పెరడంతా గింజలు!

ఎజిరో కళ్ళు తెరిచాడు. ఛాతీ తడుముకున్నాడు. తడి లేదు. పంచదార అంటింది, అంతే.

బతికాడు!

అప్పుడు లేచింది వెనక నించి ఓ గొంతు.

"ముప్పై ఎనిమిదా?"

ద్రాగానోవ్. చేతిలో చావు కాగితం.

"నా దగ్గరున్న పాస్‌పోర్టులో ముప్పై మూడు. ఏంటమ్మా ఇది?"

త్సోంకా అవ్వ నడుం మీద చెయ్యి వేసింది. "చావు కాగితం మీద వయసు అబద్ధం రాస్తామా? పాపం కాదూ!"

"బతికున్నవాణ్ణి చచ్చాడని రాశావు కదమ్మా!"

"అది వేరు."

ద్రాగానోవ్ ఎజిరో పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "ముసలావిడ లెక్క తప్పిందను. ఒక్క మాట అను చాలు. శనివారం ఆడు. సోమవారం కాంట్రాక్టు మీద సంతకం."

రెండో చెవిలో రూమెన్. వాచిన బుగ్గ పట్టుకుని... "ఆడకురా. నన్ను ఆపడానికి మా అమ్మ ఉంది. నా వెనకున్నవాళ్ళకి అమ్మలు లేరు."

అందరూ ఎజిరో నోటికేసి చూస్తున్నారు.

ఒక్క మాట. ముప్పై మూడు. అంటే ఇంకో ఏడాది. ఇంకో మోకాలి పట్టీ. ఇంకో పొట్టి మంచం. ప్రతి కొత్త చోటా వయసు అడిగినప్పుడల్లా అదే అబద్ధం...

అబ్బ. ఎంత అలసిపోయాడో!

"అవ్వకి లెక్క తప్పలేదు," అన్నాడు. "ఫిబ్రవరి వస్తే ముప్పై తొమ్మిది."

ద్రాగానోవ్ టై వదులు చేసుకుని గేటు వైపు నడిచాడు. వెనక్కి చూడలేదు. ఇక శనివారం లేదు. సోమవారమూ లేదు. కొనడానికీ బెదిరించడానికీ ఎజిరో దగ్గర ఏమీ మిగల్లేదు!

బల్ల మీద కూర్చున్నాడు. కుడికాలు బారుగా చాపాడు. ఏ డాక్టరూ చూడటం లేదు, ఏ కోచూ చూడటం లేదు. హాయిగా, అందరి ముందూ, మోకాలు పట్టుకుని "అమ్మా" అని మూలిగాడు.

"తిను నాయనా," అంది అవ్వ గిన్నె అందిస్తూ. "నీ చావు భోజనం నువ్వు తినకపోతే ఎలా?"

అంతా జరిగినట్టే చెప్పాను. తుపాకీ పేలడం ఒక్కటి మాత్రం నేను కల్పించింది. పేలలేదు. చెంపదెబ్బ అయ్యాక రూమెన్ తల్లి కొడుకు జేబులో చెయ్యి పెట్టి ఆ తుపాకీ తీసింది. ఖాళీ గిన్నెలో వేసి, పైన బట్ట కప్పి, చంకలో పెట్టుకుని ఇంటికి పోయింది.

క్రైమ్ కథలో అలా రాస్తే మీరు ఊరుకుంటారా?