గడపచెవి

"గొంతు సవరించుకోవే. మరీ గట్టిగా వద్దు, కొట్లాటలోళ్లనుకుంటది. మరీ మెల్లగానూ వద్దు, ఏదో దాస్తన్నామనుకుంటది," అంది ఎలీశమ్మ, కూతురి చున్నీ మళ్లీ సర్దుతూ.

"అమ్మా, అది చెవి. దానికి చున్నీ కనపడదు," దీవెన విసుక్కుంది.

బెజవాడలో ఇప్పుడు ప్రతి అపార్టుమెంటు గుమ్మానికీ గడపచెవి ఉంటుంది. గవ్వంత పరికరం. అద్దెకొచ్చినవాళ్లు దాని ముందు కాసేపు మాట్లాడితే చాలు, లోపలివాళ్లతో పొందిక కుదురుతుందో లేదో మాటతీరును బట్టి తేల్చేస్తుంది. లోపలుండేవాళ్లకైనా గొంతు వినందే తలుపు తియ్యదు. కులం అడగదు. అడగడం నేరం. అది వచ్చాక 'మీకివ్వం' అని ఏ ఓనరూ నోటితో అనాల్సిన పని లేకపోయింది.

ఇది ఎన్నో ఇల్లో ఎలీశమ్మకు గుర్తులేదు. కాలవగట్టు గదిలో చెమ్మకి దీవెన ఉబ్బసం ముదిరింది. ఈ వానాకాలం కూడా అక్కడే ఉంటే పిల్ల దక్కదు. డాక్టరు అంత మాట అనలేదు. ఎలీశమ్మే అనుకుంది, అనుకున్నాక అదే నిజమై కూర్చుంది.

"ఏదన్నా కవిత చదవమ్మా," అన్నాడు మేనేజరు భాస్కరమూర్తి. "'ఖాళీ ఇల్లు' అయితే చెవికి మహా ఇష్టం. సంస్కారం గల కుటుంబమని మార్కులేస్తుంది. మా వాళ్లలో సగం మంది అది చదివే వచ్చారు."

"అయ్యో, అది రాసింది మా పిల్లేనండీ!"

"అయితే ఇంకేం, ఇల్లు మీదే!"

దీవెన తల్లి ముఖం చూసి, ఊపిరి కూడదీసుకుని చదివింది.

"మా పేట పేరు చెప్పగానే
ఖాళీ ఇల్లు నిండిపోతుంది.
తాళం వేసిన గదిలో
ఎవరో దగ్గుతున్నట్టు నటిస్తుంది."

చెవి ఎర్రగా వెలిగింది. "కవిత ఉత్తమం. చదివిన తీరుకు ఈ భవనంతో పొందిక లేదు."

"రాసిన మనిషి చదివితే కుదరదా? మరెవరు చదవాలంట, మీ తాతా?" అనేసి ఎలీశమ్మ నోరు మూసుకుంది. యంత్రాన్ని తిడితే ఏం శిక్షో!

అప్పుడే పై అంతస్తులో ఉండే సునంద కూరగాయల సంచితో వచ్చింది. తలుపు తెరిపించడానికి అలవాటుగా అవే పాదాలు చదివింది, చక్కగా, రాగం తీస్తూ. తలుపు తెరుచుకుంది.

"ఇది రాసింది ఈ అమ్మాయేనండి," అన్నాడు భాస్కరమూర్తి నసుగుతూ.

"మీరా! చదివినప్పుడల్లా నాకు కళ్లనీళ్లొస్తాయండీ," అంటూ సునంద లోపలికి నడిచింది.

తలుపు మూసుకోబోయింది. గడప మీద కూర్చుంటే ఇంటికి అరిష్టమని పుట్టిన దగ్గర్నుంచీ నమ్మిన ఎలీశమ్మ, గబుక్కున వెళ్లి దాని మీదే చతికిలబడింది. తలుపు ఆగిపోయింది. మనిషి అడ్డుంటే మూసుకోకూడదని దానికి నేర్పారు. మనిషి లేవనంటే ఏం చెయ్యాలో నేర్పలేదు.

"లేవమ్మా! పోలీసులొస్తారు!"

"రానీండి. పొద్దస్తమానం వాళ్ల భయమే నాకు. వస్తే అదన్నా తీరుద్ది." కూతుర్ని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత లోపలికి తిరిగి పిలిచింది. "మేడమ్, మీరు కూడా రండి. ఆ ఏడ్చేదేదో మా పక్కన కూకుని ఏడుద్దురుగానీ. ఇంకొకరికి చోటుంది."

సునంద సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.