గ్రౌండులో మూడో నంబరు

ఎల్లారెడ్డిలో ఆ ప్రైవేటు బడి వెనక గ్రౌండుకు మంచి పేరు లేదు. తెల్లవారకముందు అక్కడ ఏదో ఉరుకుతుందని... గోడ మీంచి తొంగిచూస్తే తెల్లగా కనబడి మాయమవుతుందని చెప్పుకుంటారు. పాలు పోసే లింగయ్య దారే మార్చుకున్నాడు.

ఊరికి చెలగాటమైన ఈ పుకారు ఆటల సారు భీమేష్‌కు ప్రాణసంకటం. కామారెడ్డిలో జిల్లా పోటీలకు పది రోజులే ఉంది. రిలే ఆడపిల్లలు నలుగురూ పొద్దున ప్రాక్టీసుకు రామన్నారు. సాయంత్రం ఆపుదామంటే బడి బస్సు ఆగదు. ఈసారీ పతకం రాకపోతే గ్రౌండులో బస్సుల షెడ్డు వేస్తానని కరస్పాండెంటు ముందే చెప్పాడు.

అసలు ఆ బడికి ఆటల పిచ్చి పుట్టుకతోనే వచ్చింది. పెట్టిన ఏడాది చేరింది ముగ్గురే పిల్లలు. అయినా పరుగుపందెం పెట్టి ముగ్గురికీ బహుమతులిచ్చారు. ఆఫీసు గోడ మీద ఆ పేర్లు ఇంకా ఉన్నాయి: ఒకటి సతీశ్, రెండు అనిల, మూడు వినోద. ఆ వినోదే ఇప్పుడు అక్కడ తెలుగు మేడం. దస్తూరి బాగుంటుందని, ఏటా ఆ అక్షరాలకు రంగు దిద్దే పని ఆమెకే అప్పజెప్తారు.

ఇక లాభం లేదని ఒకనాడు నాలుగున్నరకే భీమేష్ ఒక్కడూ పోయాడు. మెడలో విజిల్, చేతిలో స్టాప్‌వాచ్, పెదాల మీద ఆంజనేయ దండకం. నీళ్ల ట్యాంకు వెనక నక్కాడు.

థప్... థప్... థప్...

చీకట్లోంచి తెల్లటిది ఒకటి వచ్చింది. అలవాటుగా వేలు స్టాప్‌వాచ్ నొక్కింది. తెల్లటిది గ్రౌండు చుట్టి మళ్లీ వచ్చింది. వేలు మళ్లీ నొక్కింది — ఈసారి వాచ్ కీచుమంది.

అడుగులు ఆగాయి.

తెల్లటిది మెల్లగా ఇటు తిరిగింది... దగ్గరికొచ్చింది... రొప్పుతూ గుసగుసగా అడిగింది —

"ఎంతైంది సార్, టైం?"

తలకు తెల్ల చున్నీ చుట్టుకున్న వినోద మేడం.

భీమేష్ ట్యాంకు వెనకనుంచి బయటికొచ్చాడు. "మీరేంది మేడం, గిట్ల?"

"వచ్చే నెల బడికి ఇరవై ఐదేండ్ల పండుగ. పాత పిల్లలకు పందెం ఉన్నది గదా. సతీశ్ దుబాయ్‌కెల్లి వస్తుండు. ముగ్గురిల మూడో నంబరని ఏటా నా చేత్తోని నేనే రాసుకుంటున్న సార్. కడుపు మండుతది." గొంతు ఇంకా తగ్గించింది. "ఎవ్వరికి చెప్పకుండ్రి. నవ్వుతరు."

భీమేష్ మాటిచ్చాడు. ఇచ్చాక తెలిసింది, ముందు నుయ్యి వెనక గొయ్యి అని. చెప్తే మేడం పరువు పోతుంది, చెప్పకపోతే గ్రౌండు పోతుంది.

ఆ పూటే రిలే పిల్లలను వరండాలో నిలబెట్టాడు. "దయ్యం ఉన్నది. నేనే చూసిన. టైం గూడ తీసిన. ఒక్క చుట్టుకు నిమిషం మీద అయిదు సెకన్లు."

పిల్లలు మొహాలు చూసుకున్నారు. "గంతేనా సార్?" అంది జట్టులో పెద్దదైన శ్వేత. "గది మమ్మల్నేం పట్టుకుంటది?"

పక్క గదిలో తెలుగు పాఠం ఒక్క క్షణం ఆగింది.

మర్నాడు పొద్దున నలుగురూ వచ్చారు. వాళ్లకంటే అరగంట ముందొచ్చిన దయ్యం ఆనాడు యాభై ఎనిమిది సెకన్లలో చుట్టొచ్చింది.

కామారెడ్డిలో రిలే జట్టుకు రెండో స్థానం వచ్చింది. షెడ్డు మాట మళ్లీ వినబడలేదు. పండుగనాడు పాత పిల్లల పందెంలో పదకొండు మంది ఉరికారు.

తెల్లారి వినోద మేడం రంగు డబ్బాతో గోడ దగ్గర నిలబడింది. ఒకటి, రెండు రాసింది. మూడు — వినోద అని రాసింది. నాలుగో స్థానం ఆ గోడ మీద ఎవరూ ఎప్పుడూ రాయలేదు. ఆమె మాత్రం ఇంకాస్త వంగి, అన్నిటికంటే అందంగా రాసింది.

నాలుగు — సతీశ్.